ఉల్లంకి పిట్ట సాక్షిగా

పెద్ద వదిన గారికి మరిది వందనాలు.

గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి వదినా, పోయిన ఆదివారం ప్రార్థన వేళకి నా హాల్లో ఎవరెవరు ఉన్నారనుకుంటున్నారు? నేనూ, హార్మోనియమూ. వాయించేవాళ్లు లేని హార్మోనియం!

మిగతావాళ్లంతా తెల్లారకముందే మీ పడవెక్కి దీవికి పోయారు. బేకరీ ఆయన పోయాడు. హార్మోనియం టీచరమ్మ పోయింది. ముందు బెంచీలో కునికిపాట్లు పడే మందుల షాపు ముసలాయన కూడా, వారమంతా మోకాళ్ల నొప్పులని మూలిగినవాడు, బురదలో దిగడానికి పోయాడు. మీరు బడిలో భూగోళం చెప్పి, రిటైరై, ఆ దీవిలో ఇల్లు తీసుకుని పక్షుల సంఘం పెడితే మేమంతా సంతోషించాం. ఆ వల నా మంద మీదే వేస్తారనుకోలేదు.

ఇప్పుడు నా మెడ మీద కత్తి వేలాడుతోంది. హాలు కింది అంతస్తులో ఉండే ఓనరు పైకొచ్చి, "నువ్వు మాట మాటకీ కాలెత్తి నేలకేసి దబ్బుమని కొడతావు. నా కంచంలో సున్నం రాలుతోంది. పదిమంది వింటున్నార్లే అని ఊరుకున్నా. ఖాళీ బెంచీలకి ఈ తొక్కుడెందుకయ్యా? ఈ నెలాఖరుకి హాలు నిండకపోతే పరుపుల వ్యాపారికి గోడౌనుగా ఇచ్చేస్తా" అన్నాడు.

పరుపులు వదినా! ఇన్నేళ్లుగా నేను జనాన్ని నిద్ర లేపిన చోట పరుపులు!

నేను బడిలో నాలుగో తరగతి దాటినవాణ్ణి కాదు. తాళాలు బాగుచేసుకుంటూ, గిరాకీ లేనప్పుడు వాక్యం కూడబలుక్కుని చదువుకున్నవాణ్ణి. కానీ పట్టిన పట్టు విడిచే రకం కాదు. మీ పడవ ప్రార్థన ముగిశాకే కదలాలి. అంతే.

ఇట్లు,
మీ మరిది

తా.క. మీ చెల్లెలు మాత్రం పూర్తిగా నా పక్షమే. ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. ఆ అద్దాలకి రెండు గొట్టాలెందుకున్నాయో రేపు అడగాలి.

———

మరిది గారికి వదిన ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కవరు మీద కూడా ఆశ్చర్యార్థకాలు పెట్టారు, పోస్టాయన హడలిపోయి పరుగున తెచ్చాడు.

పడవ వేళ నా చేతుల్లో లేదు. పోటు వచ్చిందంటే బురద మునిగిపోతుంది, మేత కోసం దిగిన పిట్టలు లేచిపోతాయి. మీ ప్రార్థన అయ్యేదాకా ఆగమని సముద్రానికి ఎవరు చెప్తారు? వెనకటికి ఒకాయన కర్రెత్తి సముద్రాన్ని చీల్చాడంటారు మీరు. మా సంఘంలో అలాంటివాళ్లు లేరు.

అయినా ఆకాశపక్షుల్ని చూసి బుద్ధి తెచ్చుకోమని మీ వాక్యంలోనే ఉందట కదా? మా చెల్లెలు చెప్పింది. మీ గొర్రెలు ఇక్కడ మేస్తుంటే మీరు అక్కడ దొడ్డికి కాపలా కాయడమేమిటి? మీరే రండి. రెల్లుపొద పక్కన కాసేపు ప్రసంగించుకోండి, ఎవరూ కాదనరు. మా సంఘానికి ఒక్కటే కట్టడి: అరుదైన పిట్ట కనబడితే ఎవరూ నోరు మెదపకూడదు, ఉన్నచోటునుంచి కదలకూడదు.

ఇట్లు,
వదిన

తా.క. తెల్లచొక్కా వేసుకురాకండి. పిట్టలు బెదురుతాయి.

———

వదిన గారికి వందనాలు, వందనాలు, మళ్లీ వందనాలు!

తెల్లచొక్కాతోనే వచ్చాను. బోధకుడు బురదరంగు వేసుకుంటాడా? మీరు పడవ ఇంజను బాగుచేయించడానికి రేవులో ఉండిపోయి ఒక మహాకార్యం చూడలేకపోయారు. అందుకే రాస్తున్నాను.

రెల్లుపొదకు వీపు పెట్టి, మీ సభ్యులకు ఎదురుగా తడినేల మీద నిలబడ్డాను. ఓడ కట్టిన పెద్దాయన కథ ఎత్తుకున్నాను. మొదట్లో మామూలే, ఒకడు ఫ్లాస్కు మూత తీస్తున్నాడు, ఒకావిడ జోళ్లు దులుపుకుంటోంది. నేను ఊపందుకుని కాలెత్తి దబదబా నేలకేసి కొట్టాను చూడండి, అందరూ ఒక్కసారిగా శిలలైపోయారు!

దగ్గు లేదు. గుసగుస లేదు. బేకరీ ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. మందుల షాపు ముసలాయన బురదలో సాష్టాంగపడ్డాడు. టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. కాపురానికి వచ్చిన నాటినుంచి నన్ను ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వని మీ చెల్లెలు నోరు తెరుచుకుని వింది. నేను ముగించి చెమట తుడుచుకోగానే "అయ్యో!" అని అందరూ నిట్టూర్చారు. నా ప్రసంగం అయిపోయిందని బాధపడ్డవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు వదినా.

వచ్చే ఆదివారం వీళ్లంతా హాల్లో ఉంటారు. పరుపులవాడు వేరే చోటు వెతుక్కోవాల్సిందే.

ఇట్లు,
ఆనందభరితుడైన మీ మరిది

తా.క. ప్రసంగం సాగినంతసేపూ నన్ను తెగ ఫొటోలు తీశారు. గర్వం పనికిరాదని తెలుసు. ఒకటి పెద్ద సైజులో పంపండి.

———

మరిది గారికి వదిన ఆశీస్సులు.

కూర్చుని చదవండి. నీళ్లు పక్కన పెట్టుకోండి.

వాళ్లు చూసింది మిమ్మల్ని కాదు. మీ వెనకాల, మీ మడమకి మూరెడు దూరంలో, ఎర్రమెడ ఉల్లంకి పిట్ట దిగింది. ఈ దీవిలో దాన్ని చూశామన్న మాట పాతకాలపు జాలర్ల నోట వినడమే. నేను వయసులో ఉన్నప్పటినుంచీ దానికోసం వెతుకుతున్నాను. బేకరీ ఆయన మోకరించింది మీ కాళ్ల సందులోంచి చూడటానికి. ముసలాయన సాష్టాంగపడిందీ అందుకే. మీరు ముగించగానే అది ఎగిరిపోయింది, అందుకే "అయ్యో".

ఫొటోలు చూశాను. ఒకదాంట్లో మీ మోకాలి పక్కన తోక. ఇంకోదాంట్లో మీ చంక కింద ముక్కు. మిగతావన్నీ మీ పొట్ట. పొట్టను సాక్ష్యంగా పెట్టి అరుదైన పిట్టను చూశామని ఎలా రాసుకుంటాం? సంఘం కార్యదర్శి, అంటే నేను, కళ్లారా చూస్తేనే రికార్డుకెక్కాలని రూలు పెట్టింది నేనే. ఇప్పుడు ఆ రూలే నా గొంతుకి అడ్డం పడింది.

కాబట్టి ఒప్పందం. వచ్చే ఆదివారం వచ్చి అదే ప్రసంగం, అదే ఊపుతో చేయండి. పిట్ట వచ్చి, నేను చూస్తే, ఇకమీదట పడవ ప్రయాణం శనివారానికి మారుస్తాను. మీ ఆదివారం మీకు, మీ హాలు మీకు. ఒక్కటే షరతు, ఏం జరిగినా మీరు వెనక్కి తిరగకూడదు. తిరిగి చూసి ఉప్పుస్తంభమైపోయిన ఆవిడ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇట్లు,
వదిన

తా.క. మా చెల్లెలు నోరు తెరిచింది మీ మాటలకి కాదు. అయినా అది నోరు తెరిచి కూడా మాట్లాడలేదంటే, మీ అదృష్టమే అనుకోండి.

———

వదిన గారికి మరిది వందనాలు.

నీళ్లు తాగాను. సరిపోలేదు.

లోకంలో దిష్టిబొమ్మ పిట్టల్ని తోలుతుంది. నన్ను పిట్టల్ని పిలిచే దిష్టిబొమ్మను చేశారు. సరే, ఒక భక్తుడికి కాకులు రొట్టె మోసుకొచ్చాయి, ఈ భక్తుడికి ఉల్లంకి హాలు మోసుకొస్తుందేమో. వస్తాను! చూడకుండా నమ్మమని నేను జీవితమంతా అరిచాను. చూస్తేగానీ నమ్మనని మీరు కూర్చున్నారు. ఇద్దరం ఒకే బురదలో తేల్చుకుందాం.

వెనక్కి తిరగను. నా మాట తాళం వేసినట్టే.

ఇట్లు,
పట్టువదలని మీ మరిది

తా.క. గొట్టాల అద్దాల సంగతి మీ చెల్లెల్ని నిలదీశాను. "మీ ప్రసంగంలో అర్థం చాలా దూరంలో ఉంటుంది, కనబడ్డానికి" అంది.

———

మరిది గారికి వదిన ఆశీస్సులు.

మీరిద్దరూ దీవిలో మా ఇంట్లో దిగబడ్డారు, నేను పన్ను నొప్పితో టౌనుకొచ్చి మీ ఇంట్లో దిగబడ్డాను. మీ మంచం మీద కూర్చునే రాస్తున్నాను. ఇంటినిండా తాళాలే ఉన్నాయి గానీ మీ వంటింటి తలుపుకి గడియ లేదు.

ఆదివారం సంగతి ఎంత తక్కువ మాట్లాడుకుంటే అంత మంచిది. మీ జోళ్లు తడవకూడదనీ, ఫొటోలకు మీ పొట్ట అడ్డం రాకూడదనీ సంఘం తరఫున పక్కగా చెక్క వేదిక కట్టించాను. దాని మీద పొద్దు నడినెత్తికొచ్చేదాకా ప్రసంగించారు. చెక్కలు పగిలేలా తొక్కారు. ఒక్క రెక్క ఆడలేదు. మీరు మాత్రం వెనక్కి తిరగలేదు, అందుకు మెచ్చుకుంటున్నాను. కానీ ఆ పిట్ట వెళ్లిపోయిందో, అసలు రానేలేదో! దాన్ని రికార్డుకెక్కించే మాట కొట్టేశాను. పడవ ఆదివారమే. ఓనరు ఇందాకే వచ్చి హాలు తాళం అడిగాడు, మీరొచ్చాక ఇస్తారని చెప్పాను. నన్ను క్షమించండి. మీ హాలు కంటే నా పిట్ట పోయిందని ఎక్కువ ఏడుపొస్తోంది.

ఇట్లు,
వదిన

తా.క. ప్రసంగం మధ్యలో నేను నిద్రపోయానని ఎవరో అన్నారట. పచ్చి అబద్ధం. నిద్రపోయే అదృష్టమే ఉంటే పన్ను నొప్పి తెలిసేదా?

———

వదినా!

క్షేమసమాచారాలు తర్వాత. ఈ ఉత్తరం తెచ్చిన సరుకుల పడవ ఆయన్ని గుమ్మంలోనే ఆపండి, వెళ్లనివ్వకండి.

నా గొంతు పోయింది. మీ వేదిక మీద అరిచి అరిచి పూర్తిగా పోయింది. ఇవాళ పొద్దున్నే మళ్లీ రెల్లుపొద దగ్గరికి వెళ్లాను. మీ చెల్లెలు, "రండి ఇంటికి, గొంతు లేని బోధకుడు తాళంచెవి లేని తాళం" అంది. వినలేదు. వేదిక ఎక్కుదామంటే ఆదివారం తొక్కుడికి చెక్క విరిగి ఉంది. బురదలోనే నిలబడి నోరు తెరిచాను. పిల్లికూత కూడా రాలేదు. కోపమొచ్చి కాలెత్తి నేలకేసి దబ్బుమని కొట్టాను. మళ్లీ కొట్టాను.

బురదలోంచి వానపాముల్లాంటి పురుగులు పైకొచ్చాయి వదినా. వాటి వెనకే, రెల్లులోంచి, అది వచ్చింది.

నోరు లేనప్పుడు షరతేమిటని తిరిగి చూశాను. ఉప్పుస్తంభం కాలేదు. గుప్పెడంత పిట్ట. ఇటుకరంగు మెడ, వంకీ ముక్కు. నా జోడు పక్కన నిలబడి, పురుగును నోట కరుచుకుని, నా మొహంలోకి చూసింది. ఇన్నేళ్లూ నా నాలుకలో అగ్ని ఉందనుకున్నాను. ఉన్నదంతా కాలిలో ఉంది! దానికి ఓడ కథా అక్కర్లేదు, ఒడ్డు కథా అక్కర్లేదు. మీరు కట్టించిన చెక్క మీద తొక్కితే పురుగు ఎలా వస్తుంది? ఓనరుకి సున్నం రాల్చిన కాలే ఇక్కడ విందు వడ్డిస్తోంది.

హాలు గురించి ఏడవను. నా తాళాల పెట్టె పక్కన మేకుకి హాలు తాళంచెవి ఉంది, ఓనరుకి ఇచ్చేయండి. పరుపులు పెట్టుకోమనండి, ఆయన కంచం శుభ్రంగా ఉండాలని నేను కూడా కోరుకుంటున్నాను. మీరు పిట్టను చూసినా సరే, పడవని శనివారానికి మార్చకండి. మంద మేసే చోటే మందిరం. ఇకమీదట ఆదివారం ప్రార్థన ఈ బురదలోనే, ప్రసంగం నోటితో కొంచెం, కాలితో ఎక్కువ.

కానీ అదంతా ఆదివారం మాట. పిట్ట ఉన్నది ఇవాళ. నా కాలు ఆగితే ఎగిరిపోతుందని ఇప్పుడు మీ చెల్లెలు తొక్కుతోంది, నేను మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను. తనెంతసేపు తొక్కగలదో తెలియదు, నేల మీద కోపం నా మీదకి మళ్లేలా ఉంది. సాయంత్రానికి పోటు ఈ బురదను ముంచేస్తుంది. రేపటికి గాలి మారితే ఇది ఏ దేశానికి పోతుందో!

పన్ను తర్వాత పీకించుకోండి. బేకరీ తలుపు కొట్టండి, టీచరమ్మని పాఠం మధ్యలోనే లేపండి, మందుల షాపు ముసలాయన్ని భుజాన వేసుకునైనా తీసుకురండి.

ఇట్లు,
నోరు లేని మీ మరిది

తా.క. ఇంకా చదువుతూ కూర్చున్నారా? లేవండి వదినా, చెప్పులు తొడుక్కోండి, ఈ మధ్యాహ్నమే ఆ సరుకుల పడవలో బయల్దేరండి!