బిగుసుకున్న గుండు

1958 నవంబరు, బుధవారం

అడవిపందులు వేరుశనగ చేను తవ్వేస్తున్నాయి. నాన్న తుపాకీకి సీసపు గుండ్లు పోసే అచ్చు పోయిన వారం విరిగింది. గుంటూరులో కొత్తది కొనలేక చీరాల కమ్మరి కాశిం గారి చేత చవగ్గా చేయించాను. తీరా ఇవాళ పోసిన గుండు గొట్టంలో సగం దిగి బిగుసుకుంది.

"సుత్తితో దించుదాం అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

ఒప్పుకోలేదు. తుపాకీ తీసుకుని కోపంగా చీరాల వెళ్లాను.

కాశిం గారు గుండు ఊడదీసి, గొట్టాన్ని తడిమారు.

"అచ్చు తుపాకీ కొలతకు సరిగ్గానే ఉందండి. మీ గొట్టమే నొక్కుకుపోయి చీలింది. పాత గుండ్లు చిన్నవి కాబట్టి దిగాయి. ఇక పేల్చారంటే మనిషి మిగలడు."

పోయిన వారం దాకా దాన్ని భుజానికి ఆనించి పేల్చింది తమ్ముడే. గొట్టం చీలిందని వాడికింకా చెప్పలేదు. కర్ర పట్టుకుని కాపలాకు వెళ్లాడు.