పద్నాలుగు శాతం తేమ

జూన్ 14, 2025
అశోక్‌నగర్ గ్రూప్-1 కోచింగ్‌లో ఈరోజు ఎస్సే టెస్ట్. టాపిక్: ఇథనాల్, దేశ భద్రత. మక్కల నుంచి, అదే మొక్కజొన్న నుంచి, ఇంధనం తీస్తే బయటి దేశాల క్రూడాయిల్ మీద ఆధారపడటం తగ్గుతుంది, ఎక్కడ యుద్ధమొచ్చినా మన బండి ఆగదు అని నాలుగు పేజీలు రాశాను. సార్ క్లాసులో చదివి వినిపించాడు. ఆ ఊపులోనే నాన్నకు ఫోన్ చేసి, ఈసారి పత్తి వద్దు, మూడెకరాలూ మక్కే వెయ్యమన్నాను. చదువుకున్నదానివి, నువ్వు చెప్తే వేస్త బిడ్డా అన్నాడు. అప్పుడే ఆఫీసర్‌నైపోయినట్టు అనిపించింది.

జూన్ 15
రూమ్మేట్ కుసుమది మా ఊరే. ఊరంతటితోని మక్క వేయిస్తవా ఏంది అని ఏడిపించింది. చిక్కడపల్లి లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా నవ్వుతూనే ఉన్నాం.

అక్టోబర్ 11
పంట బాగా వచ్చింది. కానీ తేమ పద్నాలుగు శాతం దాటితే ఇథనాల్ ఫ్యాక్టరీవాళ్లు తీసుకోరట. వానలకు కల్లమంతా బురద. నాన్న పరేషాన్. అందరిలాగే రోడ్డు మీద ఆరబోయమన్నాను. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెట్టమని కూడా నేనే చెప్పాను.

అక్టోబర్ 13, ఉదయం 6
కుసుమ వాళ్ల అన్న ఎల్లేష్ చనిపోయాడు. నిన్న పొద్దుగూకాక బైక్ మీద వస్తూ, ఆరబోసిన మక్కల చుట్టూ పెట్టిన రాయికి తగిలి పడ్డాడట.

ఉదయం 9
కుసుమను కాచిగూడలో రైలెక్కించి వచ్చాను. ఆటోలో నా చెయ్యి వదల్లేదు. ఎవరి మక్కలో ఎవ్వరు చెప్తలేరు, నీకేమన్న తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. అంతకుముందే నాన్న ఫోన్ చేసి ఏడ్చాడు. ఆ రాళ్లు మావే.

అక్టోబర్ 16
నాన్న మీద కేసైంది. నువ్వు చెప్పినవని ఎవరితోని అనకు, రేపు నౌకరి వస్తే పోలీస్ వెరిఫికేషన్ ఉంటది అన్నాడు. ఇప్పటికీ నా నౌకరి గురించే. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

అక్టోబర్ 20
ఉండలేక కుసుమకు ఫోన్ చేసి అంతా చెప్పేశాను. రాళ్లు కూడా నువ్వే పెట్టమన్నవా అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఫోన్ పెట్టేసింది.

అక్టోబర్ 27
కుసుమ ఇక చదవదట. సామాను కోసం వాళ్ల నాన్న ఉప్పలయ్య వచ్చాడు. పుస్తకాల మూట నేనే కిందికి మోశాను. మీ నాయన చేసినదానికి నువ్వేం చేస్తవు, నువ్వన్న మంచిగ చదువు బిడ్డా అని నా తల మీద చెయ్యి పెట్టాడు. కుసుమ ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.