మెడ వంకర పెట్ట

జూన్ 4, బుధవారం
అన్న ఆ పెట్టను కోశాడు. రెండేళ్ల కింద తెగులొచ్చి మా వాడలో కోళ్లన్నీ రాలిపోతే, మెడ వంకరపోయినా ఒక్కటే లేచి నిలబడిన పెట్ట. బామ్మర్ది వచ్చాడని కోశాడట. ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. "దాని మెడ సూస్తేనే అసయ్యం. మంచియి ఉంచిన తియ్యి." మంచివంటే మొన్న చర్ల సంతలో తెచ్చినవి. తెగులు మొహం చూడనివి.

జూన్ 5
ఇక్కడ పట్నంలో గేటు వెల్డింగ్ రెండుసార్లు తప్పింది. షాపు ఓనర్ మస్తాన్ భాయ్ — "ఏంది తమ్మీ, కోడి కోసం మొగం గట్ల పెట్టినవ్?"
తెగులు నుంచి లేచినదాన్ని కోయొద్దనేది అవ్వ. గుడ్డు తినొద్దు, పొదగెయ్యాలి. దేవతకు మొక్కినా ఇంకో కోడినే ఇయ్యాలి. మూఢనమ్మకం అని నవ్వాను. పది తప్పినవాడికి అంత పొగరు.

జూన్ 6
ఫోన్లో చదివి చదివి అర్థమైంది. ఏ ఒకదాని ఒంట్లోనో తెగులును తట్టుకునే గుణం ముందే ఉంటుంది. పిల్లలకు పోతుంది. వాటి పిల్లలకూ. తెగులు చంపేదానికన్నా జల్దీ అవి పెరిగితే జాతి మిగులుతుంది. మిగిలినవాటినే కోసుకుంటే — అంతే.
అవ్వ ఏ పుస్తకం చదివింది?

జూన్ 7
బక్రీద్. షాపు బంద్. భాయ్ ఇంటి నుంచి గిన్నెడు కూర. తింటుంటే అవ్వ గుర్తు. పొద్దు గూకే ముందు గంప ఎత్తి పట్టుకుని నాలుకతో చప్పుడు చేసేది. ఆ పెట్ట పక్కకు పక్కకు నడుస్తూ అన్నిటికన్నా చివర వచ్చేది. అవ్వ పోయి ఏడాది. గదిలో ఆ చప్పుడు చేసి చూశాను. నాకు రాలేదు.

సాయంత్రం చెల్లె ఫోన్. ఆ మెడ వంకర పెట్ట పిల్లలు రెండు పెట్టలున్నాయి, మెడలు తిన్నగానే. ఈ ఎండాకాలం మళ్లీ తెగులు. "మన వాడల చానా పోయినయ్. వీటికి ఏం కాలే అన్నా." సోమవారం వదిన వాళ్ల చుట్టాలొస్తే అన్న వాటినే కోస్తాడట. కోసిన పెట్ట చివరగా పెట్టిన తొమ్మిది గుడ్లు చెల్లె దాచింది. పొదగెయ్యకుంటే ఈ ఎండకు మురుగుతాయి.

జూన్ 8, ఆదివారం
పొద్దున అన్నకు ఫోన్లో మెసేజ్ పంపాను. నేను మాట మార్చకుండా ఇక్కడా రాసుకుంటున్నా:
ఆ రెండు పెట్టల్ని ముట్టొద్దు. గుడ్లు ఇయ్యాల్నే పక్కింటి పెట్ట కింద పొదగెయ్యి. సంత కోళ్లను కోసుకో, నేనేమనను. పొద్దు గూకేలోపు జవాబియ్యి. లేకుంటే ఏడింటికి భద్రాచలం బస్సెక్కుతున్న.

ఐదున్నర. చదివాడు. మెసేజ్ కింద రెండు గీతలు నీలం అయ్యాయి.
ఇంకా గంటన్నర ఉంది, అన్నా.