ఇద్దరు డోనల్డ్‌లు, ఒక్క గీత

బిర్చ్ హాలో, మానిటోబా
1966 ఫిబ్రవరి 3

టొర్రసే దీవి రికార్డుల గది గుమాస్తా గారికి,

ఎఫీ మెక్‌కోడ్రమ్ నమస్కరించి రాయునది. ఇక్కడ మంచు కిటికీ సగం దాకా ఉంది. నేను బాగానే ఉన్నాను, మీరూ బాగున్నారని తలుస్తాను.

నాకు అరవై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఉత్తరాలు రాయడానికి తీరిక దండిగా ఉంది. మా తాతా నాయనమ్మా 1889లో పిల్లలతో మీ దీవిలోనే ఓడెక్కి ఇక్కడికొచ్చారు. మా నాన్న డోనల్డ్‌కి అప్పుడు పదేళ్ళు. ఆయన 1938లో పోయారు. పోయేముందు మూడు రోజులు ఒకటే మాట: "డోనల్డ్ ఓడెక్కాడా?" డోనల్డ్ అంటే ఆయనే. "ఎక్కావు నాన్నా, ఎక్కబట్టే గదా నేను పుట్టింది" అన్నాను. ఆ జవాబు ఆయనకి సరిపోలేదు. మొహం గోడవైపు తిప్పుకుని అలాగే పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళయినా ఆ మొహం నన్ను వదలడం లేదు.

మొన్న అటక సర్దుతుంటే నాయనమ్మ బైబిల్ దొరికింది. మొదటి పేజీలో పిల్లల పేర్లు: డోనల్డ్ 1876, డోనల్డ్ 1879, తర్వాత మేరీ. మాలో పిల్లాడు పోతే ఆ పేరు తర్వాతివాడికి పెడతారు. అంటే మొదటివాడు పసితనంలోనే పోయుంటాడు. నాన్న అడిగింది వాడినే అయుండాలి. వాడి సమాధి ఎక్కడుందో వెతికి చెప్పండి. నాన్న సమాధి రాయి మీద వాడి పేరూ చెక్కిస్తాను. మీ నమూనా పత్రం నింపి జతచేశాను.

ఇట్లు,
ఎఫీ మెక్‌కోడ్రమ్

తా.క.: పత్రంలో "స్త్రీలైతే భర్త సమక్షంలో సంతకం చేయవలెను" అని ఉంది. మా పిల్లి సమక్షంలో చేశాను. అది అభ్యంతరం చెప్పలేదు.

* * *

టొర్రసే దీవి
1966 ఫిబ్రవరి 24

శ్రీమతి మెక్‌కోడ్రమ్ గారికి,

మీ దరఖాస్తు అందినది. అందులో ఒక పొరపాటు దొర్లినది. డోనల్డ్ అను పేరు రెండుసార్లు రాశారు. వయసు మీద పడినవారికి ఇది సహజమే. ఎర్ర సిరాతో ఒకటి కొట్టివేసి సరిచేశాను. సరిచేసిన పత్రం ప్రకారం డోనల్డ్ ఒక్కరే. ఆయన 1938లో మానిటోబాలో మరణించినట్లు మీరే రాశారు గనుక, ఆయన సమాధి మీ ఊళ్ళోనే ఉండవలెను. అన్వేషణ ముగిసినది.

ఇట్లు విధేయుడు,
ఆర్చిబాల్డ్ పిట్‌కెయిర్న్,
రికార్డుల గుమాస్తా

తా.క.: సాక్షి పూర్తి పేరు రాయలేదు. పత్రం తిప్పి పంపుతున్నాను.

* * *

బిర్చ్ హాలో
మార్చి 15

పిట్‌కెయిర్న్ గారికి,

నేను శ్రీమతిని కాను. వయసు నా మోకాళ్ళ మీద పడిన మాట నిజమే గానీ బుర్ర మీద ఇంకా పడలేదు. పుట్టిన ఏడు వేరు, పుట్టిన నెల వేరు, ఇద్దరూ ఒకడెలా అవుతాడండీ? కన్నతల్లి చేత్తో రాసుకున్న బిడ్డని మీరెవరు కొట్టెయ్యడానికి? ముందా ఎర్ర సిరా సీసా తీసుకెళ్ళి సముద్రంలో పారబోయండి. తర్వాత కూర్చుని పుట్టిన పుస్తకం, చచ్చిన పుస్తకం పేజీ పేజీ తిప్పండి. వెతకమంటే దిద్దడమేమిటి!

కోపంతో,
ఎఫీ మెక్‌కోడ్రమ్

తా.క.: సాక్షి పూర్తి పేరు హేమిష్. ఎలుకల శాఖలో ఉద్యోగం.

* * *

టొర్రసే దీవి
ఏప్రిల్ 12

కుమారి మెక్‌కోడ్రమ్ గారికి,

క్షమించాలి. పుట్టుకల పుస్తకంలో ఇద్దరు డోనల్డ్‌లూ ఉన్నారు. తల్లిదండ్రులు వాళ్ళే. 1876 నుంచి ఓడ బయల్దేరిన 1889 దాకా మరణాల పుస్తకం రెండుసార్లు తిప్పాను. పెద్ద డోనల్డ్ చనిపోయినట్టు ఎక్కడా లేదు. మరణం నమోదు కాని మనిషి మా శాఖ నియమం ప్రకారం బతికున్నట్టే లెక్క. ఆయనకిప్పుడు తొంభై ఏళ్ళుండాలి. ఓడలో మీవాళ్ళతోనే వచ్చుంటారు గనుక, మీ ఇంట్లో ఎక్కడైనా ఉన్నారేమో ఒకసారి చూడగలరు.

నేను ఎడిన్‌బరో నుంచి వచ్చినవాణ్ణి. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములకి ఒకే పేరు ఎందుకు పెడతారో నాకు అర్థం కాక, రేవు దగ్గర టీ అంగడి నడిపే మోరాగ్ అవ్వని అడిగాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి. నవ్వీ నవ్వీ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "ఓరి ఎడిన్‌బరో బాబూ! పెద్దోడికి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టాలి. తాతలిద్దరూ డోనల్డ్‌లే అయితే ఏం చేస్తాం? ఒక ముసలాయన్ని అలగమంటావా? పెద్ద డోనల్డ్, చిన్న డోనల్డ్ అని పిలుస్తాం. మా వీధిలో ముగ్గురు జాన్‌లున్న ఇల్లుంది, పిలిస్తే ఒక్కడూ పలకడు" అంది.

కనుక మొదటివాడు పసితనంలో పోలేదు. ఓడ జాబితా కోసం రాశాను.

విధేయుడు,
ఆర్చిబాల్డ్ పిట్‌కెయిర్న్

తా.క.: ఇలాంటి సమయాల్లో దొంగ చుట్టాలు బయల్దేరతారు. తలుపు తీసేముందు కాగితాలు చూడగలరు.

* * *

బిర్చ్ హాలో
మే 4

పిట్‌కెయిర్న్ గారికి,

అటక, మంచం కింద, కోళ్ళ గూడు, అన్నీ చూశాను. పెదనాన్న కనబడలేదు. హేమిష్ కూడా సాయం చేశాడు.

మీరు నవ్వించారు గానీ, నాకొకటి గుర్తొచ్చింది. చిన్నప్పుడు పెద్దవాళ్ళ మాటల్లో ఏదో విని, నాయనమ్మని "ఇంకో డోనల్డ్ ఎవరు?" అని అడిగాను. జావ కలుపుతున్న గరిటె కింద పెట్టి, గొడ్లపాకలోకి వెళ్ళి, పొయ్యి మీద జావ మాడిపోయేదాకా రాలేదు. మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఏమయ్యాడో చెప్పండి బాబూ. ఎంత చెడ్డ కబురైనా సరే.

ఇట్లు,
ఎఫీ

తా.క.: దొంగ చుట్టాల సంగతి నాకు నేర్పకండి. విత్తనాలవాళ్ళు, కుట్టుమిషన్లవాళ్ళు, కోతల కాలంలో తాగొచ్చే కూలీలు, ఎవడొచ్చినా చీపురుతోనే పలకరించేదాన్ని. మా గడప ఒక్క మోసగాడూ దాటలేదు.

* * *

టొర్రసే దీవి
జూన్ 20

ఎఫీ గారికి,

ఓడ జాబితా వచ్చింది. మీవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి: తండ్రి, తల్లి, డోనల్డ్, డోనల్డ్, మేరీ. రెండో డోనల్డ్ మీద ఎర్ర గీత ఉంది. పక్కన "పొరపాటున రెండుసార్లు రాయబడినది" అని ఉంది. ఆ గీత కొట్టిన గుమాస్తా ఎవరో తెలియదు. 1966లో కొట్టినవాణ్ణి మాత్రం నేనే. సిరా సీసా మీరు చెప్పినచోటే పారబోశాను.

మిగతాది మోరాగ్ అవ్వ చెప్పింది. ఓడ దగ్గరికి చిన్న పడవల్లో తీసుకెళ్ళారు, మగవాళ్ళని ఒక పడవలో, ఆడవాళ్ళని ఇంకోదాన్లో. "డోనల్డ్!" అని పిలవగానే మీ నాన్న ముందు పరిగెత్తారు. తర్వాత పెద్దవాడు వస్తే, "డోనల్డ్ ఎక్కేశాడు, పో అవతలికి" అన్నారు. తండ్రి వాడు తల్లి దగ్గరున్నాడనుకున్నాడు, తల్లి తండ్రి దగ్గరున్నాడనుకుంది. పదమూడేళ్ళవాడు దీవిలోనే ఉన్న తన అమ్మమ్మ దగ్గర మిగిలిపోయాడు. మీవాళ్ళు ఉత్తరాలు రాశారట. మూడేళ్ళు వరసగా మంచు పంటని మింగితే టిక్కెట్టు పంపలేకపోయారు. తర్వాత ఆ అమ్మమ్మకి పక్షవాతం వస్తే, వదిలి రానని అతనే రాశాడు. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి.

ఆయన పెద్దయ్యాక ఏ పని చేశాడో తెలుసా? ఇదే రేవులో గుమాస్తా. ఓడెక్కేవాళ్ళ పేర్లు రాసే పని, ముప్ఫై మూడేళ్ళు. ఆ పుస్తకాలన్నీ నా బల్ల వెనకే ఉన్నాయి, నేనెప్పుడూ తెరవలేదు. వాటిలో ఒక్క కొట్టివేతా లేదు. ఒకే పేరు రెండుసార్లు వచ్చిన ప్రతిచోటా పక్కన ఆయన చేతిరాత: "ఇద్దరు. ఇద్దరినీ చూశాను."

1926 జూలైలో ఆయన రాసిన చివరి పేరు ఆయనదే. డోనల్డ్ మెక్‌కోడ్రమ్, యాభై ఏళ్ళు, మానిటోబాకి. అక్టోబరులో తిరిగొచ్చాడు. ఎందుకొచ్చాడో పుస్తకంలో లేదు. మోరాగ్ అవ్వ అడిగితే, "తమ్ముడింటి గుమ్మంలో ఒక పిల్లని చూశానే. అచ్చం మా అమ్మే. గట్టి పిల్ల, ఇల్లు బాగా కాపాడుకుంటోంది" అని మాత్రం అన్నాడట. 1941లో పోయాడు. పెళ్ళి లేదు. రేవుకెదురుగా గుట్ట మీద సమాధి.

మీ నాన్నగారిని కలిశాడా లేదా అన్నది నా కాగితాల్లో లేదు. మీకే తెలియాలి.

మీ
ఆర్చిబాల్డ్

తా.క.: ఈసారి జోకులేమీ లేవు.

* * *

బిర్చ్ హాలో
జూలై 11

చిరంజీవి ఆర్చిబాల్డ్‌కి ఎఫీ అత్తయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చి వారమైంది. చదివిన పూట పొయ్యి వెలిగించలేదు.

1926 ఆగస్టు చివర. నాకు ఇరవై ఆరేళ్ళు. నాన్న గోధుమలు రైలు స్టేషనుకి తోలుకెళ్ళారు. వాకిట్లో నల్ల కోటు వేసుకున్న ఒకాయన నిలబడి, టోపీ తీసి, ఆ దీవి పాత భాషలో "డోనల్డ్ ఉన్నాడా అమ్మా?" అన్నాడు. "లేడు, నువ్వెవరు?" అన్నాను. "డోనల్డ్ మెక్‌కోడ్రమ్‌ని" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా నాన్న పేరు నా మొహం మీదే చెబుతున్నాడు, ఎంత తాగాడో అనుకున్నాను. చీపురు చేతిలోనే ఉంది. "ఆ పేరుగలాయన ఈ ఇంట్లో ఒక్కడే. నువ్వు కాదు. పో అవతలికి" అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నవ్వబోయి మానేశాడు. "అవునమ్మా, ఒక్కడే" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను మనిషిని తరిమినందుకు గర్వపడ్డానురా ఆర్చిబాల్డ్. నాన్న వచ్చాక చెప్పడం కూడా మరిచిపోయాను. ఆ రోజే కోళ్ళ గూట్లో నక్క పడింది. నక్క సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మనిషి సంగతి చెప్పలేదు. చెప్పుంటే బండి తిప్పి స్టేషనుకి పరిగెత్తేవారు. పన్నెండేళ్ళ తర్వాత "డోనల్డ్ ఓడెక్కాడా?" అని అడుగుతుంటే, జవాబు నా దగ్గరే పెట్టుకుని, ఆయనకి వేరే జవాబు చెప్పాను. ఎక్కాడు నాన్నా, ముప్ఫై ఏడేళ్ళు ఆలస్యంగా ఎక్కాడు. మన వాకిటి దాకా వచ్చాడు. 1889 గీతకంటే, నీ గీతకంటే, నేను కొట్టిన గీతే పెద్దది.

వచ్చే వసంతంలో అక్కడికొస్తాను. ఆ గుట్ట ఎక్కడానికి నీ చెయ్యి కావాలి.

ఇట్లు,
ఎఫీ

తా.క.: నాన్న రాయి మీద రెండో పేరు చెక్కమని రాళ్ళు చెక్కేవాడికి కాగితం పంపాను. "అమ్మగారూ, డోనల్డ్ రెండుసార్లు పడింది, ఒకటి తీసేశాను" అని కబురు పెట్టాడు. స్టూలు తీసుకెళ్ళి వాడి షెడ్డులో కూర్చున్నాను, రెండు పేర్లూ పూర్తయ్యేదాకా లేవలేదు. మధ్యలో వాడు "ఇంతకీ ఒకడా, ఇద్దరా?" అన్నాడు. పెదనాన్న మాటలే కాగితం మీద రాసిచ్చి, పేర్ల కింద చెక్కమన్నాను.

"ఇద్దరు. ఇద్దరినీ చూశాను."