బుట్టలో ముందు వరస

మార్చి 4, సోమవారం

మళ్ళీ మాయం. కుకీల కోసమని ఫ్రిజ్ పక్కన బుట్టలో నాలుగు అరటిపళ్ళు మగ్గబెట్టాను. తొక్క నల్లబడితేనే లోపల గుజ్జు తియ్యగా ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి చూస్తే నాలుగూ చెత్తబుట్టలో ఉన్నాయి. మామగారి పని.

జీవితమంతా పళ్ళ షాపు నడిపారు, ఒప్పుకుంటాను. మోకాళ్ళు మొరాయించి పోయిన నెల షాపు మూసేశారు, పాపం, అదీ ఒప్పుకుంటాను. కానీ బజార్లో మూసిన షాపు నా వంటింట్లో తెరవాలా? పొద్దున్నే బుట్ట ముందు స్టూలు వేసుకుని పళ్ళన్నీ ఏరతారు. మచ్చ పడిందల్లా చెత్తలోకి. అన్నిటికన్నా మంచివి ముందు వరసలో, కొనేవాళ్ళకి కనపడేలా ఇటు తిప్పి పెడతారు. ఇక్కడ కొనేదెవరు?

మార్చి 5

ఈయనతో చెప్పాను. పెద్దాయన, అలవాటైన చెయ్యి, పోనీలే అన్నారు. ఈయన డిక్షనరీలో పోనీలే తప్ప ఇంకో మాట లేదు.

మార్చి 9, శనివారం

మామగారిని డాక్టరుకి చూపించాం. ఇంకా బరువు తగ్గారట. జబ్బేమీ లేదట, తినకపోవడమేనట. ఇష్టమైనది ఏదైనా పెట్టమన్నాడు. ఆ ముక్క నాకు తెలీదూ? ఏం వండినా రెండు ముద్దలు తిని, ఆకలి లేదమ్మా అని చెయ్యి కడుక్కుంటారు. ఆయన లేచి వెళ్ళాక ఆ కంచం చూస్తే నాకు భయమేస్తుంది. భయమేస్తే నాకు కోపం వస్తుంది.

మార్చి 13

ఈసారి అరటిపళ్ళు బీరువాలో నా బట్టల వెనక దాచాను. నా ఇంట్లో నేనే దొంగలా. ఆఫీసులో పక్క సీటావిడ ఏం సెంటు కొట్టుకున్నావని అడిగింది.

మార్చి 16, శనివారం

చేశాను. గుజ్జు చిదిమి, ఓట్స్, వెన్న కలిపి ఓవెన్లో పెట్టాను. వాసనకి మామగారు గదిలోంచి వచ్చారు. ఒకటి తిన్నారు. ఇంకోటి అడిగారు. ఆయన నోరు తెరిచి అడగడం షాపు మూశాక ఇదే మొదలు. ఐదోది సగం తిని, ఇంత తియ్యటి పండు ఎక్కడ దొరికిందమ్మా అన్నారు.

అక్కడ ఊరుకోవాల్సింది. నా నోరు ఊరుకుంటుందా. మీరు రోజూ చెత్తలో పారేసేవే మామయ్యా, అనేశాను. నవ్వుతూనే అన్నాను. ఆయన నవ్వలేదు. చేతిలో ఉన్న సగం ముక్క ప్లేట్లో పెట్టి గదిలోకి వెళ్ళిపోయారు.

మార్చి 17

రాత్రి తినలేదు. పొద్దున్నా తినలేదు. తలుపు దగ్గర నిలబడి పిలిస్తే, మచ్చ పడిన పండు ఒక్కరి చేతిలో పెట్టకుండా బతికానమ్మా అన్నారు. ఈయన తొంగి చూసి వచ్చి, పోనీలే అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. నేనేం విషం పెట్టానా? తలుపు బయటి నుంచే అడిగేశాను. మచ్చ పడిందల్లా పారేసుకుంటూ పోతే ఈ ఇంట్లో మిగిలేదెవరండీ అని. మీ మోకాళ్ళున్నాయి, నా నోరుంది, మీ అబ్బాయి పోనీలే ఉంది, దేన్ని పారేశాం మనం అని. వంటింట్లోకి వచ్చి ఏడ్చాను. ఏడుస్తూ కూడా తిట్టుకున్నాను, ఆయన్నీ, నన్నూ.

మార్చి 19

ఇవాళ కూడా బుట్ట ఏరలేదు. అరటిపళ్ళు నల్లబడుతున్నాయి, ఎవరికీ పట్టలేదు.

మార్చి 20, పొద్దున

బుట్ట ముందు స్టూలు ఉంది. పళ్ళన్నీ ఏరి సర్ది ఉన్నాయి. నిగనిగలాడే ఆపిల్స్ వెనక్కి పోయాయి. ముందు వరసలో నల్లటి అరటిపళ్ళు రెండు, నాకేసి తిప్పి ఉన్నాయి.