నూట పదమూడు శాతం

పన్నెండో తారీఖు, ఆదివారం మధ్యాహ్నం

గడుగ్గాయికి,

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావో అడిగే ముఖం నాకు లేదు, అయినా అడుగుతున్నాను. ఎలా ఉన్నావే?

మన ల్యాబ్‌కి కొత్తగా రంగులు వేయించారు. కిటికీ పక్కన నీ కుర్చీ అక్కడే ఉంది. కొత్తగా చేరినాయన అందులో కూర్చోబోతే, అది విరిగిందని అబద్ధమాడాను. నువ్వెళ్ళి మూడేళ్ళయినా, రేకు బిళ్లలు జారవిడిచే ముందు కళ్ళు మూసుకోవే అని పక్కకి తిరిగి అనేస్తుంటాను. పక్కన ఎవరూ ఉండరు.

పని కూడా పాతదే. రంగులో ఎంత లోహం కలిపితే కరెంటు పారుతుందో తేల్చడానికి బల్లమీద బిళ్లలు ఎక్కడపడితే అక్కడ వేయడం. నిన్న వేస్తూ పోయాను, వేస్తూ పోయాను. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయే గానీ దీపం వెలగదు. ఇంకొక్కటి వేశానో లేదో, ఈ చివరి తీగ నుంచి ఆ చివరి తీగ దాకా దారి కలిసి టక్కున వెలిగింది. చూస్తే బల్లలో దాదాపు మూడోవంతు ఖాళీయే. కప్పుకున్నది అరవై ఎనిమిది శాతం, ఆనాడు నేను చెప్పిన లెక్కే.

నువ్వు నూట పదమూడు అన్నావు. బల్లకన్నా పెద్ద దుప్పటి కప్పావా అని అందరి ముందూ పగలబడి నవ్వాను. నువ్వు ఏప్రాన్ మడిచిపెట్టి వెళ్ళిపోయావు.

నిన్న బిళ్లలన్నీ ఏరి తూచాను. బల్ల మొత్తానికి సరిపడే రేకుకన్నా పదమూడు శాతం ఎక్కువే తూగాయి! నేను కప్పుకున్న చోటు మాత్రమే కొలిచాను. నువ్వు కింద దాగినవాటిని కూడా వదలకుండా లెక్కేశావు. ఇద్దరం చెప్పింది ఒకటేనే తల్లీ! ఇంత చిన్నదానికా నిన్ను పోగొట్టుకున్నాను!

ఒక్కసారి రావే. తిట్టడానికైనా సరే. నువ్వు లేక నాతో పోట్లాడే దిక్కు లేదు.

ఎదురుచూసి కళ్ళు కాయలు కాసిన
నీ నస

తా.క.: పైన అబద్ధం రాశాను. నాకు నిన్న తెలియడమేమిటి! నీ నోట్‌బుక్ చివరి పేజీలో ఎలా లెక్కేశావో ఉంది. నవ్వడానికి ముందురోజే చదివాను. నీ లెక్కా సరైనదేనని ఒప్పుకుంటే మన పని నివేదిక మీద నీ పేరు ముందు వస్తుందని నవ్వాను. రేపు పొద్దున్నే పెద్దసారుకి అంతా చెప్పేస్తున్నాను. ఇది చదివాక కూడా రావాలనిపిస్తే, రా.