బోర్డు మీద నీ పేరు

మరియమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చర్చి వెనక సమాధి దగ్గరికి రాలేదని అలగకు, వన్ టౌన్‌లో మన భోజన హోటల్ ఈ రోజే తెరిచాను. ఇరవై మందికి వండాను. వంట నాదే, నవ్వకు.

లైసెన్సు కోసం మునిసిపాలిటీ చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. ఈగలు దూరకుండా గారెల బీరువాకి జాలీ కొట్టించమన్నారు. నాకే దోమతెర లేదు, గారెలకు ఎంత వైభోగమో చూడు! సరే, కొట్టించాను. చివరికి గుమాస్తాగారు దరఖాస్తు చూసి నసిగారు.

"మరియమ్మ భోజనశాలా? ఏదో ఒక విలాస్ అని పెట్టుకోండి తాతగారూ. ఈ పేరు చూస్తే లోపలికెవరొస్తారండీ?"

"తూము ఉందా అని అడిగారు, నాకు అంటురోగాలున్నాయా అని అడిగారు. మా ఆవిడ పేరు ఊరికి నచ్చుతుందా అని ఏ గడిలో అడిగారో చూపించండి."

ఆయన ముద్ర కొట్టారు.

ఇరవై ఏళ్ళు నీ క్యారేజీలు జనం తమ ఇళ్ళ వెనక గుమ్మంలోనే పుచ్చుకున్నారు. లొట్టలేసుకుంటూ తిన్నారు గానీ, వండింది నువ్వని ఎవరితోనూ చెప్పుకోలేదు. అందుకే బోర్డు వీధి చివరిదాకా కనబడేలా రాయించాను.

మధ్యాహ్నం ముగ్గురు రిక్షావాళ్ళు వచ్చారు. ఇద్దరు బోర్డు చదివి వెనుదిరిగారు. మూడో అతను "చారు వేడిగా ఉందా బాబాయ్?" అంటూ కూర్చున్నాడు. వడ్డించాను.

రేపూ ఇరవై మందికే వండుతాను.